రెండు నెలలుగా రోజూ దద్దుర్లు, సూది వేస్తేనే తగ్గుతున్నాయి. సూర్యాపేట దగ్గర ఎవరికి చూపించాలి?

మూసీగట్టు:

అందరికీ నమస్తే. నాకు 33 ఏళ్లు, సూర్యాపేటలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఉగాది అయిన వారం నుంచి ఒంటి మీద దద్దుర్లు మొదలయ్యాయి, ఇప్పటికి రెండు నెలలు దాటింది. సాయంత్రం ఏడు దాటితే చాలు, ముందు నడుము దగ్గర, లంగా బొందు కట్టుకునే చోట దురద మొదలవుతుంది. గోకితే ఎర్రగా ఉబ్బుతుంది, పది నిమిషాల్లో తొడల మీదికి, వీపు మీదికి పాకుతుంది. ఒక్కోటి రూపాయి బిళ్లంత ఉంటుంది, కొన్ని కలిసిపోయి అరచెయ్యంత అవుతాయి. రాత్రి రెండింటికి లేచి బాత్రూంలో చన్నీళ్లు పోసుకుంటూ నిలబడిన రోజులు చాలా ఉన్నాయి. తెల్లారేసరికి ఒక్క మచ్చ ఉండదు, పొద్దున డాక్టర్‌కి చూపిద్దామంటే చూపించడానికి ఏమీ మిగలదు. రెండుసార్లు పెదవి వాచింది, ఒకసారి ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి స్కూలుకి సెలవు పెట్టాను.

మా వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తున్నాను. రెండు సూదులు వేస్తాడు, అరగంటలో చేత్తో తీసేసినట్టు పోతుంది, రెండు మూడు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఇప్పటికి పదకొండుసార్లు వేయించుకున్నాను. చిన్న తెల్ల మాత్రలు కూడా ఇచ్చాడు, రోజుకి రెండు చొప్పున నెల నుంచి వేసుకుంటున్నాను, ఒక్క రోజు ఆపినా రెండింతలు వస్తున్నాయి. మొహం ఉబ్బినట్టు ఉందని మా ఆయన అంటున్నారు.

ఇక తిండి సంగతి. అమ్మ వంకాయ, గోంగూర, చేపలు, గుడ్డు మానెయ్యమంది, మానేశాను. తగ్గలేదు. పక్కింటి పెద్దమ్మ పల్లీలు, పులుపు వద్దంది, అవీ మానేశాను. ఒక నోట్‌బుక్ పెట్టి రోజూ తిన్నది, దద్దుర్లు వచ్చిన టైమూ రాస్తున్నాను, నలభై పేజీలు అయ్యాయి, ఏ ఒక్కటీ కుదరడం లేదు. ఇప్పుడు అన్నం, పెసరపప్పు, బీరకాయ, మజ్జిగ తప్ప ఏమీ తినడం లేదు, అయినా వస్తున్నాయి. రక్తంలో అలర్జీ ప్యానెల్ చేయిస్తే దేనివల్లో తేలిపోతుందని ఒక ల్యాబ్ వాళ్లు చెప్పారు, చాలా ఖర్చు. చేయించనా? అసలు ఇది ఏంటి? హైదరాబాద్ దాకా పోకుండా దగ్గర్లో సరైన డాక్టర్ దొరుకుతారా? జీవితాంతం ఇలాగే ఉంటుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

కరకట్ట_బెజవాడ:

చెల్లీ, నువ్వు రాసింది చదువుతుంటే ఐదేళ్ల కిందటి నేనే గుర్తొచ్చాను, ముఖ్యంగా ఆ నోట్‌బుక్. నాది 11 నెలల పుస్తకం. రొయ్యలు తిన్న రోజు వచ్చాయని రొయ్యలు కొట్టేశా, కార్తీక మాసంలో నెలంతా మాంసం ముట్టకుండా ఉన్నా వచ్చాయి, అప్పుడు పాల మీద అనుమానం, తర్వాత సబ్బు, తర్వాత కొత్తగా వేయించిన పెయింట్. మా ఆవిడ ఒకే ఇంట్లో రెండు వంటలు వండేది. చివరికి చర్మ డాక్టర్ ఆ పుస్తకం ఓపిగ్గా తిరగేసి, ఒక్క ప్రశ్న అడిగారు. "ఒకే వస్తువు తిన్న ప్రతిసారీ, తిన్న గంట రెండు గంటల్లో వచ్చిందా?" ఆలోచిస్తే ఒక్కటీ లేదు. "అయితే ఇది మీ తిండి మీద ఆధారపడింది కాదు, అన్నీ తినండి" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గుత్తి వంకాయ కూరతో అన్నం తిన్నా, నమ్ముతావో లేదో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ డాక్టర్ గారే ఇంకో పని చేశారు. పెన్ను మూతతో నా వీపు మీద ఒక గీత గీశారు. ఐదు నిమిషాల్లో ఆ గీత తాడు పెట్టినట్టు ఉబ్బి లేచింది. నీకు బొందు కట్టుకునే చోట ముందు మొదలవుతోందంటే నీక్కూడా ఆ ఒత్తిడి, రాపిడి గుణం తోడై ఉండొచ్చు. నేను బెల్టు బిగించడం మానేసి, వదులు కాటన్ బట్టలు వేసుకుంటే నడుము దగ్గర సగం తగ్గాయి.

పొద్దుటికి మాయమవుతున్నాయని బాధపడకు, అది మంచి గుర్తే. ఒక పని చెయ్: దద్దురు లేవగానే దాని చుట్టూ బాల్ పెన్నుతో గీత గీసి టైము రాసి ఫోటో తీయ్. మర్నాడు అదే టైముకి చూడు. గీత ఉండి దద్దురు లేకపోతే మామూలు దద్దుర్లే. అదే చోట రోజున్నర, రెండు రోజులు ఉండిపోయి, దురదకంటే నొప్పి, మంట ఎక్కువగా ఉండి, పోయాక కమిలిన మచ్చ మిగిలితే అది వేరే జబ్బు, రక్తనాళాల వాపు కావచ్చు, దానికి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. నావి ఎప్పుడూ 24 గంటలు దాటలేదు. ఆ ఫోటోలు చూపిస్తేనే డాక్టర్‌కి పని తేలికైంది.

మందు సంగతికొస్తే, నాకు ఇచ్చింది మామూలు అలర్జీ మాత్రే. తేడా అల్లా, వచ్చినప్పుడు వేసుకోవడం కాదు, వచ్చినా రాకపోయినా రోజూ. నేను పట్టించుకోనిది అదే, రెండు రోజులు తగ్గగానే ఆపేసేవాణ్ని. రోజూ వేసుకోవడం మొదలుపెట్టాక ఐదు వారాలకి రాత్రి నిద్ర తిరిగొచ్చింది. మొత్తం మూడున్నర ఏళ్లు ఉండి, దానంతట అదే పోయింది. ఇప్పుడు మాత్ర లేదు, దద్దుర్లూ లేవు.

పాలమూరు_పల్లె:

అక్కా మా నాయనమ్మ దద్దుర్లు లేస్తే గొంగళి కప్పి పడుకోబెట్టేది, గొంగళితో ఒళ్లు రుద్దేది కూడా. పైత్యం చేసిందని అల్లం రసం తాగించేది. నాకు చిన్నప్పుడు దాంతోనే తగ్గింది. వేపాకు నీళ్లతో స్నానం కూడా చేసి చూడండి, ఖర్చు లేదు కదా.

డీవీఎల్_పీజీ:

నేను చర్మ విభాగంలో పీజీ చేస్తున్నాను, మా ఓపీలో దద్దుర్ల కేసు లేని రోజు ఉండదు. ఇక్కడ ఫోటో చూడకుండా నిర్ధారణ చెప్పలేను కాబట్టి తెలిసినంత రాస్తాను, మిగతాది మిమ్మల్ని చూసే డాక్టర్ చెప్పాలి.

ముందు గొంగళి గురించి, ఎందుకంటే చాలా ఇళ్లలో చేస్తారు. పిల్లలకి జలుబు, జ్వరం వెంట వచ్చే దద్దుర్లు చాలావరకు కొద్ది రోజుల్లో వాటంతటవే పోతాయి, ఏం చేసినా పోతాయి, అందుకే గొంగళికి పేరొచ్చింది. కానీ రాపిడికి, వేడికి ఉబ్బే చర్మానికి ఉన్ని గొంగళితో రుద్దడం, వేడినీళ్లు పోయడం నిప్పు మీద గాలి విసిరినట్టే. చల్లటి నీళ్లు, తడిగుడ్డ, కేలమైన్ లోషన్, కత్తిరించిన గోళ్లు, వదులు బట్టలు, ఇవి చాలు. ఒక జాగ్రత్త: కొందరికి చలి తగిలితేనే దద్దుర్లు వస్తాయి, వాళ్లకి చన్నీళ్లు పనికిరావు, బావిలో, చెరువులో దూకితే ప్రమాదం కూడా. మూసీగట్టు గారికి చన్నీళ్లతో ఉపశమనం వస్తోంది కాబట్టి ఆ రకం కాదనుకుంటున్నా.

ఆరు వారాల లోపు తగ్గిపోతే దాన్ని అక్యూట్ అర్టికేరియా (కొద్దికాలం ఉండే దద్దుర్లు) అంటాం, దాటితే క్రానిక్ (దీర్ఘకాలం ఉండేవి). మీది దాటింది. చర్మంలో మాస్ట్ కణాలు అని ఉంటాయి, వాటి నిండా హిస్టమిన్ అనే దురద, వాపు తెచ్చే రసాయనం గుళికలు ఉంటాయి. అవి పగిలినప్పుడు చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, ఆ నీరు మళ్లీ లోపలికి ఇంకిపోగానే చదునైపోతుంది. పొద్దున మచ్చ కూడా ఉండకపోవడానికి కారణం అదే. అదే వాపు కొంచెం లోతుగా వస్తే పెదవి, కనురెప్ప వాస్తాయి. క్రానిక్ రకంలో ఆ కణాల్ని పగలగొట్టేది ఎక్కువమందిలో బయటి తిండి కాదు, ఒంట్లోనే తయారైన యాంటీబాడీలు, అంటే రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లు. అందుకే మీ నలభై పేజీల్లో ఏదీ కుదరలేదు. మీరు రాయడంలో తప్పు లేదు, వెతుకుతున్న చోటే వేరు.

అలర్జీ ప్యానెల్‌కి డబ్బు పెట్టకండి. ఈ జబ్బులో దానివల్ల ఉపయోగం తక్కువ, నష్టం ఎక్కువ. రోజూ హాయిగా తినే గోధుమ, పాలు, శనగ కూడా అందులో పాజిటివ్ చూపిస్తాయి, ఆ కాగితం చూసి ఇప్పటికే సగమైన మీ తిండిలో మిగిలింది కూడా మానేస్తారు. మామూలుగా మేము రాసే రక్తపరీక్షలు సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందా అని), టోటల్ ఐజీఈ (అలర్జీ రకం యాంటీబాడీల మొత్తం), థైరాయిడ్ యాంటీబాడీ (యాంటీ టీపీఓ), దాంతోపాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు). థైరాయిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది, మీ వయసు ఆడవాళ్లలో మరీను. కడుపులో పురుగుల అనుమానం ఉంటే మల పరీక్ష. అంతకుమించి ఏదైనా రాస్తే ఎందుకో అడగండి, డాక్టర్లు చెప్తారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ తెల్ల మాత్ర స్ట్రిప్ మీద పేరు చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఈ మూడింట్లో ఏదైనా అయితే అవి స్టెరాయిడ్లు. రెండు సూదుల్లో ఒకటి కూడా చాలాసార్లు అదే అయి ఉంటుంది. తీవ్రంగా వచ్చినప్పుడు కొద్ది రోజులు మేమూ ఇస్తాం, అది తప్పు కాదు. నెలల తరబడి వాడితే మొహం ఉబ్బడం, షుగర్, బీపీ, ఎముకలు గుల్లబారడం మొదలవుతాయి, మానగానే దద్దుర్లు మరింత ఎగదన్నుతాయి. నెల నుంచి రోజూ వేసుకుంటున్నారు కాబట్టి నేను రాసింది చదివి రేపే ఒక్కసారిగా ఆపేయకండి, అదీ ప్రమాదమే. స్ట్రిప్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే మోతాదు దించుకుంటూ మాన్పిస్తారు. షుగర్, బీపీ కూడా ఒకసారి చూపించుకోండి.

వైద్యం మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదట మత్తు తక్కువ ఉండే కొత్త తరం యాంటీహిస్టమిన్ (హిస్టమిన్‌ని అడ్డుకునే అలర్జీ మాత్ర) రోజూ ఒకటి. రెండు నుంచి నాలుగు వారాల్లో అదుపులోకి రాకపోతే అదే మందుని డాక్టర్ నాలుగింతల వరకూ పెంచవచ్చు, ఇది డాక్టర్ పెంచాల్సిందే, సొంతంగా కాదు. దానికీ లొంగకపోతే ఒమలిజుమాబ్ అనే ఇంజెక్షన్, 300 మిల్లీగ్రాములు నాలుగు వారాలకోసారి చర్మం కింద వేస్తారు. చాలా ఖరీదైనది, కానీ లొంగని వాళ్లలో బాగా పనిచేస్తుంది. దాని తర్వాతి మెట్టు రోగనిరోధక వ్యవస్థని అణిచే సైక్లోస్పోరిన్ అనే మందు, బీపీ, కిడ్నీ పరీక్షలు చూస్తూ ఇవ్వాలి. ఎక్కువమందికి మొదటి రెండు మెట్లలోనే సరిపోతుంది. మీ భయానికి జవాబు: ఇది సాధారణంగా ఒకటి నుంచి ఐదేళ్లలో పోతుంది, అంటువ్యాధి కాదు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు.

ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. దద్దుర్లతోపాటు ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకుపోవడం, గొంతు మారిపోవడం, నాలుక వాపు, కళ్లు తిరగడం, వాంతులు, వీటిలో ఏది వచ్చినా ఆర్ఎంపీ దగ్గరికి, నా పోస్టు దగ్గరికి కాదు, వెంటనే 108. అప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండరానికి వేసే అడ్రినలిన్ సూది. అలర్జీ మాత్ర మింగి ఎదురుచూడకూడదు.

దగ్గర్లో ఎక్కడంటే, సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. దాని అనుబంధ జనరల్ ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందు కనుక్కుని వెళ్లండి. నల్లగొండలోనూ అలాగే. ప్రైవేటులో వెళ్తే బోర్డు మీద హెయిర్, లేజర్, గ్లో అని రాసి ఉన్నంత మాత్రాన చర్మ వైద్యులు అనుకోకండి. పేరు పక్కన ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ, వీటిలో ఒకటి ఉందా చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ సైట్‌లో వెతికితే తెలిసిపోతుంది. ఆ ఇంజెక్షన్ మెట్టు దాకా వెళ్లాల్సి వస్తే అప్పుడు బీబీనగర్ ఎయిమ్స్, నిమ్స్, ఉస్మానియా, గాంధీ లాంటి పెద్ద ఆసుపత్రుల గురించి ఆలోచించవచ్చు. ఇప్పుడే హైదరాబాద్ బస్సెక్కాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

మందులషాపు_ఖమ్మం:

పదహారేళ్లుగా కౌంటర్ వెనకాల ఉన్నాను కాబట్టి మాత్రల గురించి నాలుగు మాటలు చెప్తాను. సెట్రిజిన్ 10, లెవోసెట్రిజిన్ 5, ఫెక్సోఫెనడిన్ 180, బిలాస్టిన్ 20, లోరాటడిన్ 10, ఇవన్నీ కొత్త తరం. అవిల్, సీపీఎం (క్లోర్‌ఫెనిరమిన్) పాతవి, బాగా మత్తు. కొత్తవాటిలో కూడా సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ కొందరికి నిద్ర తెప్పిస్తాయి, బండి నడిపే వాళ్లు, మీలా క్లాసు చెప్పే వాళ్లు రాత్రి వేసుకోవడం మేలు, లేదా డాక్టర్‌ని అడిగి ఫెక్సోఫెనడిన్‌కి మారొచ్చు. బిలాస్టిన్ ఇస్తే ఖాళీ కడుపున, తినడానికి గంట ముందు లేదా తిన్న రెండు గంటలకి. పళ్ల రసంతో బిలాస్టిన్, ఫెక్సోఫెనడిన్ రెండూ వేసుకోకూడదు, మందు ఒంటికి సరిగా పట్టదు. "ఈ మాత్ర పనిచెయ్యట్లేదండీ" అని వచ్చిన ఒకాయన్ని అడిగితే రోజూ బత్తాయి జ్యూస్‌తో మింగుతున్నాడు. నీళ్లతో వేసుకోమన్నాను, తర్వాత మార్చమని అడగలేదు.

ఇంకోటి, ఎవరూ అడగరు, మేమూ చాలాసార్లు చెప్పం. నొప్పి మాత్రలు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కొంతమందికి ఈ దద్దుర్లని బాగా పెంచుతాయి. టీచర్లు కదా, నిలబడి నిలబడి నడుం నొప్పికి వేసుకుంటూ ఉంటారు. తలనొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ వేసుకుని చూడండి. గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్ ఎవరైనా వాడుతుంటే మాత్రం ఇది చదివి ఆపేయకండి, అడగండి.

డబ్బు ఇబ్బంది అయితే జన్ ఔషధి షాపుల్లో లెవోసెట్రిజిన్ లాంటివి చాలా తక్కువకి వస్తాయి, అదే మందు. కిడ్నీ సమస్య ఉన్నా, గర్భం ఉన్నా ముందే చెప్పాలి, మోతాదు, మందు మారతాయి.

కొత్తగూడెం_రైలు:

ఇది కొంచెం పక్క విషయమే కానీ ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మా నాన్నకి దద్దుర్లు అసలు లేవు, పెదవులు, నాలుక మాత్రం నాలుగు నెలల్లో మూడుసార్లు వాచాయి. అందరం చేపల మీద నెపం వేశాం. చివరికి ఒక డాక్టరమ్మ బీపీ మాత్ర స్ట్రిప్ అడిగింది, రామిప్రిల్. ఆ జాతి మందులతో కొందరికి ఇలా వాపు వస్తుందట, వాడటం మొదలుపెట్టిన చాలా రోజులకి కూడా రావచ్చట. మందు మార్చారు, మళ్లీ వాపు రాలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే అన్ని మాత్రలూ సంచిలో వేసుకుని వెళ్లండి.

మూసీగట్టు:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. నెల తర్వాత రాస్తున్నాను. తెల్ల మాత్ర స్ట్రిప్ చూశాను, బీటామెథసోనే. చూడగానే చేతులు వణికాయి, ఆపకుండా అలాగే జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. పొద్దున ఎనిమిదిన్నరకే లైన్లో నిలబడ్డాను, డాక్టర్ గారి దగ్గరికి వెళ్లేసరికి పదకొండు. కానీ ఫోన్లో పెన్ను గీతల ఫోటోలు, టైములు చూపించాక ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని మొత్తం విన్నారు. నా ముంజేతి మీద తాళం చెవితో గీసి చూశారు, కరకట్ట అన్నయ్య చెప్పినట్టే గీత లేచింది. ఏ దద్దురూ 24 గంటలు ఉండటం లేదు కాబట్టి బయాప్సీ అక్కర్లేదన్నారు. స్టెరాయిడ్ మోతాదు దించుకుంటూ మూడు వారాల్లో మాన్పించారు. లెవోసెట్రిజిన్ రోజూ రాత్రి, రెండు వారాల తర్వాత పొద్దున ఇంకోటి కలిపారు. షుగర్ కొంచెం ఎక్కువ వచ్చింది, మందు మానాక మళ్లీ చూద్దామన్నారు. యాంటీ టీపీఓ ఎక్కువగా ఉంది, టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్, ఏటా చూపించుకోమన్నారు.

స్టెరాయిడ్ తగ్గించిన మొదటి పది రోజులు చాలా కష్టంగా గడిచాయి, ఎవరైనా ఇదే దారిలో ఉంటే ముందే తెలిసి ఉండాలని చెప్తున్నాను. రెండుసార్లు ఆర్ఎంపీ గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. డాక్టర్ గారు దద్దుర్లకి 0 నుంచి 3, దురదకి 0 నుంచి 3 మార్కులు రోజూ వేసుకుని వారానికి కూడమన్నారు, మొత్తం 42కి. మొదటి వారం 33, పోయిన వారం 11. పాత నోట్‌బుక్‌లోనే వెనక పేజీల్లో వేస్తున్నాను. వారం నుంచి రాత్రి లేవలేదు.

గుడ్డు, పల్లీలు, వంకాయ అన్నీ తింటున్నాను. నిన్న అమ్మ చేపల పులుసు పెట్టి, నేను తినేదాకా పక్కనే కూర్చుని, తర్వాత గంటసేపు నా చేతులు తిప్పి తిప్పి చూసింది. ఏమీ రాలేదు.

ఒక్క సందేహం ఉంది. వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి, మూడు రోజులు ఊళ్లో ఉంటాను, పట్టుచీర, నడుముకి వడ్డాణం తప్పదు. ఆ మూడు రోజులకి ముందుగా ఏమైనా జాగ్రత్త ఉందా?

కరకట్ట_బెజవాడ:

33 నుంచి 11! చాలా సంతోషం చెల్లీ. మాత్రలు పెళ్లి సంచిలో కాదు, నీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకో, ఒక స్ట్రిప్ ఎక్కువే పెట్టుకో, హడావిడిలో ఒక్క పూట కూడా తప్పకు. వడ్డాణం తాళి కట్టే టైముకి పెట్టుకుని ఫోటోలయ్యాక తీసెయ్, లంగాకి బొందు బదులు వెడల్పు ఎలాస్టిక్ కుట్టించుకో, మా ఆవిడ మా చెల్లెలికి అలాగే కుట్టింది. మోతాదు సంగతి మాత్రం పెళ్లికి ముందు ఎలాగూ చూపించుకోవాలిగా, ఆ డాక్టర్ గారినే అడుగు.